ఆ నల్ల టీషర్ట్ మీద తెల్ల గీతలు ఏంటో తెలుసా? 23 ఏళ్లకే వెళ్లిపోయిన ఇయాన్ కర్టిస్ కథ ఇది!

నల్ల టీషర్ట్. మధ్యలో తెల్లటి గీతలు.. దూరం నుంచి చూస్తే కొండల వరసలా, దగ్గరికొస్తే అలల్లా. పేరు లేదు, ఫొటో లేదు. షాపింగ్ యాప్‌లో స్క్రోల్ చేస్తున్నప్పుడో, కాలేజీ ఫెస్ట్‌లోనో మీరు దీన్ని చూసే ఉంటారు. వేసుకుని కూడా ఉండొచ్చు. కొందరు ఏదో ఫ్యాషన్ డిజైన్ అనుకుంటారు. ఇంకొందరు ఈసీజీ గ్రాఫ్ అనుకుంటారు. నిజానికి అది ఒక మ్యూజిక్ ఆల్బమ్ కవర్. 1979 జూన్‌లో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ నుంచి వచ్చింది. బ్యాండ్ పేరు జాయ్ డివిజన్. ఆ పాటలు రాసి, పాడిన కుర్రాడు ఇయాన్ కర్టిస్. కవర్ మార్కెట్‌లోకి వచ్చి ఏడాది తిరక్కముందే అతను చనిపోయాడు. అప్పటికి అతని వయసు 23.

మొత్తం రెండే ఆల్బమ్‌లు. ఒకదాని కవర్ మీద ఆరిపోయిన నక్షత్రం నుంచి వచ్చిన సిగ్నల్. రెండోదాని మీద సమాధి. ఇవి అతని చావును ముందే చెప్పాయని ఫ్యాన్స్ ఇప్పటికీ వాదిస్తుంటారు. ఇంతకీ ఆ బొమ్మలు ఎక్కడి నుంచి వచ్చాయి? ఎవరు ఎంచుకున్నారు? అసలు కర్టిస్‌కు ఏం జరిగింది?

పగలు ఆఫీసు.. రాత్రి పాట

ఇయాన్ కెవిన్ కర్టిస్ 1956 జూలై 15న పుట్టాడు. పెరిగింది మాంచెస్టర్‌కు దగ్గర్లోని మాకిల్స్‌ఫీల్డ్ అనే చిన్న ఊళ్లో. ఒకప్పుడు పట్టు మిల్లులకు పేరున్న ఊరు అది. తండ్రి రవాణా పోలీసు విభాగంలో పనిచేసేవారు. కుర్రాడు చదువులో చురుకు. 11 ఏళ్లకే స్కాలర్‌షిప్ మీద ఊళ్లోని కింగ్స్ స్కూల్‌లో సీటు తెచ్చుకున్నాడు. కవిత్వం పిచ్చి, డేవిడ్ బౌవీ పాటల పిచ్చి.. చదువు మాత్రం మధ్యలోనే ఆగిపోయింది.

1975 ఆగస్టులో డెబోరాను పెళ్లి చేసుకున్నాడు. అప్పటికి అతనికి 19, ఆమెకు 18. మాంచెస్టర్‌లో ఒక రికార్డుల షాపులో కొన్నాళ్లు పనిచేశాడు. తర్వాత ప్రభుత్వ ఉద్యోగంలో చేరాడు. చివరికి మాకిల్స్‌ఫీల్డ్ ఉపాధి కార్యాలయంలో కుదురుకున్నాడు. అక్కడ అతని పని ఏంటంటే.. వికలాంగులకు, దీర్ఘకాలిక జబ్బులున్న వాళ్లకు ఉద్యోగాలు వెతికిపెట్టడం. ఫైళ్లు చూసి పంపేసే రకం కాదు, ఆ మనుషుల గురించి నిజంగానే పట్టించుకునేవాడు.

ఆ ఆఫీసుకు ఒక యువతి వస్తుండేది. ఆమెకు మూర్ఛ రోగం. ఉద్యోగం కోసం తిరుగుతూ తిరుగుతూ ఒక దశలో రావడం మానేసింది. ఏదో ఉద్యోగం దొరికి ఉంటుందిలే అనుకున్నాడు కర్టిస్. ఆమె చనిపోయిందని తర్వాత తెలిసింది. ఆ దెబ్బ నుంచి పుట్టిన పాటే ‘షీజ్ లాస్ట్ కంట్రోల్’. కొన్నాళ్లకు అదే జబ్బు అతనికే వస్తుందని అప్పుడు ఎవరూ ఊహించలేదు.

మొదటి కవరే వివాదం

1976లో సెక్స్ పిస్టల్స్ అనే లండన్ బ్యాండ్ మాంచెస్టర్‌కు వచ్చి రెండు షోలు ఇచ్చింది. సంగీతం నేర్చుకోనక్కర్లేదు, గిటార్ పట్టుకుని స్టేజీ ఎక్కేయొచ్చు అనే ధైర్యం ఊరంతా పాకింది. జూన్ షో చూసిన బెర్నార్డ్ సమ్నర్, పీటర్ హుక్ అనే ఇద్దరు స్నేహితులు బ్యాండ్ పెట్టాలనుకున్నారు. కర్టిస్ జూలై షో చూశాడు. సింగర్ కావాలని వాళ్లు వెతుకుతున్నప్పుడు ఇతను దొరికాడు. ఆ తర్వాత స్టీఫెన్ మోరిస్ డ్రమ్స్ మీద కూర్చున్నాడు. అతనిదీ మాకిల్స్‌ఫీల్డే. 1977 మేలో వార్సా అనే పేరుతో మొదటి షో ఇచ్చారు. 1978 మొదట్లో పేరు మార్చి జాయ్ డివిజన్ అని పెట్టుకున్నారు.

పేరు వినడానికి హాయిగా ఉంది కదా? కానీ దాని వెనకున్నది భయంకరమైన విషయం. నాజీల నిర్బంధ శిబిరంలో స్త్రీలను లైంగిక బానిసలుగా ఉంచిన విభాగానికి ఒక నవలలో ఉన్న పేరది. అది చాలదన్నట్టు 1978లో సొంత డబ్బులతో తెచ్చిన మొదటి రికార్డు ‘యాన్ ఐడియల్ ఫర్ లివింగ్’ కవర్ మీద డ్రమ్ వాయిస్తున్న హిట్లర్ యూత్ కుర్రాడి బొమ్మ వేశారు. డిజైన్ చేసింది సమ్నరే. యానిమేషన్ స్టూడియోలో పనిచేసిన అనుభవం ఉందతనికి. ఇంకేముంది.. వీళ్లు నాజీ అభిమానులేమో అన్న అనుమానం మొదలైంది. కాదు మొర్రో అన్నా ఏళ్ల తరబడి ఆ మరక పోలేదు. అదే రికార్డును మళ్లీ పెద్ద సైజులో విడుదల చేసినప్పుడు ఆ బొమ్మ తీసేశారు. షాక్ ఇవ్వాలన్న కుర్ర ఉత్సాహం తప్ప అందులో ఏమీ లేదు అనుకున్నా, అది తప్పే. ఒక కవర్ బ్యాండ్ గురించి ఎంత తప్పుడు కథ చెప్పగలదో వాళ్లకు తొలిసారి తెలిసొచ్చింది.

న్యూస్ రీడర్ పెట్టిన మ్యూజిక్ కంపెనీ

ఇక్కడే కథలోకి ఒక టీవీ మనిషి వస్తాడు. పేరు టోనీ విల్సన్. గ్రెనడా టీవీలో సాయంత్రం ప్రాంతీయ వార్తలు చెప్పేవాడు, మ్యూజిక్ షో కూడా నడిపాడు. 1978 ఏప్రిల్‌లో ఒక క్లబ్బులో కర్టిస్ అతని దగ్గరికి వెళ్లి, తమ బ్యాండ్‌ను టీవీలో ఎందుకు చూపించట్లేదని మొహం మీదే తిట్టేశాడు. ఇంకొకరైతే గెంటేసేవాళ్లేమో. విల్సన్‌కు మాత్రం ఆ కుర్రాడు గుర్తుండిపోయాడు. అదే ఏడాది సెప్టెంబర్ 20న తన వార్తల కార్యక్రమంలోనే వాళ్ల పాట వేశాడు. జాయ్ డివిజన్ తొలిసారి టీవీలో కనిపించింది అప్పుడే. ‘షాడోప్లే’ పాట నడుస్తుంటే మధ్యమధ్యలో నగరం రోడ్ల నెగెటివ్ దృశ్యాలు కలిపారు. యూట్యూబ్‌లో ఇప్పటికీ ఉంది.. రెండున్నర నిమిషాలు దాటకముందే ఆ గొంతు ఏంటో అర్థమవుతుంది.

విల్సన్ తన మిత్రుడు అలన్ ఎరాస్మస్‌తో కలిసి పెట్టిన కంపెనీయే ఫ్యాక్టరీ రికార్డ్స్. ఇండీ రాక్ అనే మాట మీరు వినే ఉంటారు. ఇండిపెండెంట్ నుంచి వచ్చింది. అంటే లండన్‌లోని పెద్ద కంపెనీల చేతికి వెళ్లకుండా, చిన్న ఊళ్లలో చిన్న కంపెనీలు సొంతంగా రికార్డు చేసి, సొంతంగా అమ్ముకోవడం అన్నమాట. ఫ్యాక్టరీలో లాభం చెరి సగం. కంపెనీకి సగం, బ్యాండ్‌కు సగం. మార్కెటింగ్ టీమ్ లేదు. కవర్ ఇలా ఉండాలి, సింగర్ మొహం పెద్దగా కనపడాలి, పేరు పైన ఉండాలి అని చెప్పే బాస్ లేడు. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే తర్వాత జరిగినవన్నీ అర్థమవుతాయి.

ఫ్యాక్టరీకి డిజైనర్ పీటర్ సావిల్. అప్పుడే మాంచెస్టర్ పాలిటెక్నిక్‌లో డిజైన్ చదివి బయటికొచ్చిన కుర్రాడు. ఫ్యాక్టరీ కేటలాగ్‌లో నంబర్ 1 పాట కాదు, అతను చేసిన పోస్టర్! కాలేజీలో కనిపించిన ఒక హెచ్చరిక బోర్డు చూసి చేశాడు. పసుపు రంగు, చెవులకు రక్షణ పెట్టుకోండి అని చెప్పే గుర్తు. అద్భుతంగా వచ్చింది. కాకపోతే షోకు టైమ్‌కి అందలేదు. సావిల్ లేటు విషయంలో ఫేమస్.

నక్షత్రం గుండె చప్పుడు

1979 ఏప్రిల్‌లో స్టాక్‌పోర్ట్‌లోని స్ట్రాబెర్రీ స్టూడియోలో మొదటి ఆల్బమ్ రికార్డ్ చేశారు. పేరు ‘అన్‌నోన్ ప్లెజర్స్’. ప్రొడ్యూసర్ మార్టిన్ హానెట్. స్టేజీ మీద జాయ్ డివిజన్ అంటే గోల, వేగం, కోపం. హానెట్ మాత్రం ఆ గోలనంతా తీసేసి ఖాళీ నింపాడు. డ్రమ్ ఒక్కో దెబ్బ ఎక్కడో ఖాళీ గోడౌన్‌లో పడినట్టు వినిపిస్తుంది. ఒక పాటలో లిఫ్ట్ శబ్దం, ఇంకో పాటలో గాజు పగిలే శబ్దం. మధ్యలో కర్టిస్ గొంతు.. బావిలోంచి వచ్చినట్టు. సమ్నర్‌కు, హుక్‌కు ఇది నచ్చలేదు. తమ రాక్ పాటల్ని పాడు చేశాడని గొడవ పడ్డారు. కానీ ఇప్పుడు పోస్ట్ పంక్ అని పిలుస్తున్న సంగీతానికి రూపం వచ్చింది ఆ చల్లదనం వల్లే. పంక్ బయటివాళ్ల మీద అరిచింది. ఇది లోపలికి చూసింది.

మరి కవర్? పంక్ కవర్లు ఎలా ఉండేవో చూడండి. సెక్స్ పిస్టల్స్ ఆల్బమ్ తీసుకుంటే.. కళ్లు చెదిరే పసుపు, గులాబీ రంగులు, కిడ్నాపర్ల ఉత్తరంలా పేపర్ల నుంచి కత్తిరించి అతికించినట్టుండే అక్షరాలు. కవరే అరుస్తుంది. మన దగ్గర ఆడియో క్యాసెట్ అంటే హీరో, హీరోయిన్ ఫొటో పడాల్సిందే. జాయ్ డివిజన్ ఈ రెండు దారుల్లోనూ వెళ్లలేదు.

‘కేంబ్రిడ్జ్ ఎన్‌సైక్లోపీడియా ఆఫ్ ఆస్ట్రానమీ’ అనే పుస్తకంలో బ్యాండ్‌కు ఒక బొమ్మ దొరికింది. దాన్ని కనిపెట్టింది సమ్నర్ అనే పేరే ఎక్కువగా వినిపిస్తుంది. అది సీపీ 1919 అనే పల్సార్ నుంచి వచ్చిన రేడియో సిగ్నల్. పల్సార్ అంటే.. ఒక పెద్ద నక్షత్రం పేలిపోయాక మిగిలే చిన్న, అతి బరువైన ముద్ద. గిరగిరా తిరుగుతూ లైట్‌హౌస్‌లా రేడియో తరంగాలు విసురుతుంటుంది. ఇది సుమారు 1.337 సెకన్లకు ఒకసారి తిరుగుతుంది. 1967లో కేంబ్రిడ్జ్‌లో రీసెర్చ్ స్టూడెంట్‌గా ఉన్న జోసెలిన్ బెల్ దీన్ని కనిపెట్టారు. అంత కచ్చితంగా సిగ్నల్ వస్తుంటే గ్రహాంతరవాసులేమో అని సరదాగా దానికి పచ్చ మనుషులు అని ముద్దుపేరు కూడా పెట్టారు. 1974లో నోబెల్ మాత్రం ఆమె గైడ్‌కు, మరో ప్రొఫెసర్‌కు వెళ్లింది. అదో పెద్ద కథ.

కవర్ మీద ఉన్న గ్రాఫ్ ఆమె గీసింది కాదు. అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో హెరాల్డ్ క్రాఫ్ట్ అనే రీసెర్చ్ స్కాలర్ 1970లో తన థీసిస్ కోసం తయారు చేసిందది. వరసగా వచ్చిన 80 సిగ్నల్స్‌ను కంప్యూటర్ సాయంతో ఒకదాని కింద ఒకటి పేర్చారు. ఆ గీతలు ఒకదాన్నొకటి దాటకుండా, వెనకున్నవి ముందున్నవాటి చాటున దాక్కునేలా చేయడంతో కొండల వరసలా కనిపించింది. తన థీసిస్‌లో బొమ్మ ప్రపంచం నలుమూలలా తిరుగుతోందని ఆయనకు చాలాకాలం తెలియదు. ఎవరో చెబితే రికార్డుల షాపుకు వెళ్లి చూసుకుని, ఒక ఆల్బమ్, ఒక పోస్టర్ డబ్బులిచ్చి కొనుక్కున్నారట!

పుస్తకంలో అది తెల్ల కాగితం మీద నల్ల గీతలు. బ్యాండ్ కూడా బయట తెలుపు, లోపల నలుపు ఉండాలనుకుంది. సావిల్ తిరగేశాడు. అంతరిక్షం నల్లగానే ఉండాలి కదా అని నలుపు మీద తెల్ల గీతలు వేశాడు. బొమ్మను చిన్నగా మధ్యలో పెట్టి చుట్టూ ఖాళీ వదిలేశాడు. ముందువైపు బ్యాండ్ పేరు లేదు, ఆల్బమ్ పేరు లేదు. చేతికి గరుగ్గా తగిలే కాగితం వాడారు. లోపలి కవర్ మీద ఒక తలుపు సందులోంచి బయటికొస్తున్న చెయ్యి. అమెరికన్ ఫొటోగ్రాఫర్ రాల్ఫ్ గిబ్సన్ తీసిన ఫొటో అది. రికార్డుకు ఒకవైపు బయట అని, రెండోవైపు లోపల అని పేర్లు పెట్టారు. ఫస్ట్ ప్రింట్ 10,000 కాపీలు.

హానెట్ పాటల్లో నింపిన ఖాళీ, సావిల్ కవర్ మీద వదిలిన ఖాళీ.. రెండూ ఒకటే. ఎవరూ లేని చోట నుంచి, ఆగకుండా, అదే వేగంతో వస్తున్న సిగ్నల్. కర్టిస్ పాటల్లో మనిషి కూడా అంతే. పక్కనే ఉన్నవాళ్లకు కూడా తన మాట చేరట్లేదని బాధపడే మనిషి. ఇంత సరిగ్గా కుదిరిన కవర్ రాక్ సంగీతంలో ఇంకోటి చూపించమంటే కష్టమే.

స్టేజీ మీద ఫిట్స్.. చప్పట్లు కొట్టిన జనం

ఆ ఆల్బమ్ రికార్డింగ్‌కు కొద్ది నెలల ముందే కర్టిస్ జీవితం మారిపోయింది. 1978 డిసెంబర్ 27న లండన్‌లో తొలి షో. జనం పెద్దగా రాలేదు. తిరిగి వస్తుండగా కారులోనే కర్టిస్‌కు ఫిట్స్ వచ్చాయి. జనవరిలో డాక్టర్లు మూర్ఛ అని తేల్చారు. మందులు మొదలయ్యాయి. అప్పటి మందులు మగతను, దిగులును తెచ్చేవి. నిద్ర ఉండాలి, ఒత్తిడి ఉండకూడదు, మెరిసే లైట్లు పడవు. రాక్ సింగర్ జీవితంలో ఉండేవి సరిగ్గా అవే. ఏప్రిల్‌లో కూతురు పుట్టింది. బిడ్డను ఎత్తుకుంటే ఎక్కడ ఫిట్స్ వచ్చి పడేస్తానో అని భయపడేవాడు.

అతని డ్యాన్స్ చూసే ఉంటారు. చూడకపోతే 1979 సెప్టెంబర్‌లో బీబీసీ షోలో పాడిన ‘ట్రాన్స్‌మిషన్’ వీడియో చూడండి. చేతులు చక్రాల్లా తిప్పుతూ, కళ్లు ఎటో చూస్తూ, ఒళ్లంతా కరెంట్ పాకినట్టు ఊగిపోయేవాడు. జబ్బు తేలకముందు నుంచే ఉన్న స్టైల్ అది. సమస్య ఏంటంటే.. తర్వాత రోజుల్లో స్టేజీ మీద నిజంగా ఫిట్స్ వచ్చినప్పుడు కూడా జనం డ్యాన్సే అనుకున్నారు. చప్పట్లు కొట్టారు. బ్యాండ్ వాళ్లు మోసుకెళ్లి పక్కన పడుకోబెట్టేదాకా చాలామందికి అర్థమయ్యేది కాదు.

ఇక్కడే కవర్ గురించి మరో మాట. ఆ తెల్ల గీతల్ని మెదడు తరంగాల గ్రాఫ్ అనుకున్నవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. సింగర్‌కు మూర్ఛ, మూర్ఛను పరీక్షించేది ఈఈజీతో, కవర్ మీద గ్రాఫ్.. లెక్క సరిపోయినట్టే ఉంటుంది. కానీ అది నిజం కాదు. అది నక్షత్రమే.

1979 ఆగస్టు ప్రాంతంలో ఒక బెల్జియం యువతి కర్టిస్‌కు పరిచయమైంది. ఇంట్లో డెబోరా, పసిబిడ్డ. రెండు వైపులా నలిగిపోయాడు. ఎవరినీ వదులుకోలేక, ఎవరికీ నిజం చెప్పలేక. దీంట్లో డెబోరాకు జరిగిన అన్యాయం చిన్నది కాదు. మేధావి కష్టాలు అనే పేరుతో దాన్ని కప్పేయడం ఫ్యాన్స్‌కు అలవాటు. ఆమె తర్వాత రాసిన పుస్తకం చదివితే కథ ఇంకోవైపు నుంచి కనిపిస్తుంది.

సమాధి ఫొటోను ఎంచుకుంది ఎవరు?

1980 మార్చిలో లండన్‌లోని బ్రిటానియా రో స్టూడియోలో రెండో ఆల్బమ్ ‘క్లోజర్’ రికార్డ్ చేశారు. కవర్ కోసం బ్యాండ్ సావిల్ దగ్గరికి వెళ్లింది. అతను ఈమధ్య ఒక మ్యాగజైన్‌లో చూసి పడిపోయిన ఫొటోలు తీసి ముందు పెట్టాడు. ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ బెర్నార్ పియర్ వోల్ఫ్ తీసినవి. ఇటలీలోని జెనోవా నగరంలో స్టాలియెనో అనే పెద్ద శ్మశానం ఉంది. సంపన్న కుటుంబాలు ఒకప్పుడు తమ సమాధుల మీద పాలరాతి శిల్పాలు చెక్కించుకునేవి. అందులో అప్పియాని కుటుంబం సమాధి ఫొటో బ్యాండ్‌కు నచ్చింది. పడుకున్న మృతదేహం, చుట్టూ మోకరిల్లి ఏడుస్తున్న మనుషులు.. అంతా రాయే, కానీ బట్ట ముడతలు చూస్తే ఊపిరి తీస్తున్నట్టు ఉంటుంది. కర్టిస్ అప్పటికి బతికే ఉన్నాడు. ఆ ఎంపికలో అతనూ ఉన్నాడు.

సంగీతం కూడా మారింది. మొదటి ఆల్బమ్‌లో ఉన్న కోపం ఇక్కడ లేదు. పియానో, సింథసైజర్, నెమ్మదిగా ఊరేగింపులా సాగే పాటలు. కవర్ కూడా నలుపు నుంచి తెలుపుకి వచ్చింది. తెల్ల అట్ట, మధ్యలో బ్లాక్ అండ్ వైట్ ఫొటో, పైన పాతకాలం శాసనంలా అక్షరాలు. అంతరిక్షం నుంచి చర్చి లోపలికి వచ్చినట్టు ఉంటుంది.

ఏప్రిల్ నెల భయంకరంగా గడిచింది. 4వ తేదీన లండన్‌లో ఒకే రాత్రి రెండు షోలు. లైట్ల దెబ్బకు స్టేజీ మీదే కూలబడ్డాడు. రెండు, మూడు రోజుల్లోనే ప్రాణం తీసుకునే ప్రయత్నం చేశాడు. ఆస్పత్రిలో చేర్చారు. నమ్మలేని విషయం ఏంటంటే.. 8వ తేదీన బరీ అనే ఊళ్లో షో ఉంటే అతన్ని అక్కడికీ తీసుకెళ్లారు! రెండు పాటల మట్టుకు కనిపించాడు. మిగతా పాటలు వేరేవాళ్లు పాడారు. టికెట్ కొన్న జనం సీసాలు విసిరారు, హాలంతా కొట్లాట. తన వల్లే ఇదంతా అని కర్టిస్ కుమిలిపోయాడు.

వాళ్లంతా చెడ్డవాళ్లేం కాదు. అందరూ 20ల్లో ఉన్న కుర్రాళ్లు. డాక్టర్లు చెప్పింది వాళ్లకు పూర్తిగా అర్థం కాలేదు, కర్టిస్ అడిగితే బాగానే ఉన్నా అనేవాడు. పాటల్లో అంత చీకటి ఉన్నా అది కళ అనుకున్నారు, మనిషి గురించి అనుకోలేదు. ఆ పాటల మాటల్ని తాము సరిగ్గా వినలేదని హుక్, మోరిస్ తర్వాత ఎన్నోసార్లు బాధపడ్డారు. సమాధి ఫొటో ఎంచుకున్నప్పుడు కూడా గదిలో ఎవరికీ అనుమానం రాలేదు. ఎందుకొస్తుంది? కవర్ బాగుంది.. అంతే.

ఏప్రిల్ నెలాఖరులో తాము రిహార్సల్ చేసుకునే పాత బిల్డింగ్‌లో ‘లవ్ విల్ టేర్ అస్ అపార్ట్’ వీడియో తీశారు. మే 2న బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలో షో. అదే చివరిది. ఇంట్లో విషయం విడాకుల దాకా వచ్చింది. మే 19న అమెరికా టూర్‌కు విమానం ఎక్కాలి. ముందు రోజు, 1980 మే 18న, మాకిల్స్‌ఫీల్డ్‌లోని ఇంట్లో కర్టిస్ తన ప్రాణం తీసుకున్నాడు.

(మనసు బరువెక్కినా, బతకాలని లేదనిపించినా ఒంటరిగా ఉండకండి. కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఎప్పుడైనా ఉచితంగా కాల్ చేయొచ్చు. తెలుగులోనూ మాట్లాడతారు.)

కవర్ మార్చాలా? వద్దా?

వార్త తెలియగానే సావిల్‌కు ఇంకో విషయం తట్టింది. ప్రింట్‌కు వెళ్లిన కవర్ మీద ఉన్నది సమాధి! చావును అమ్ముకుంటున్నారని జనం తిడతారేమో అని టోనీ విల్సన్‌తో చెప్పాడు. మార్చాలా, ఉంచాలా? చివరికి ఉంచేశారు. బ్యాండ్ నలుగురూ కలిసి ఎంచుకున్నది, మార్చే హక్కు తమకు లేదు అన్నది లెక్క. ఆ నిర్ణయం సరైనదే అనిపిస్తుంది. మార్చి ఉంటే కర్టిస్ చూసి, ఒప్పుకున్న కవర్ పోయి, అతను చూడని కవర్ వచ్చేది.

జూలై 18న ‘క్లోజర్’ విడుదలైంది. బ్రిటన్ చార్టులో 6వ స్థానానికి వెళ్లింది. అంతకుముందే వచ్చిన ‘లవ్ విల్ టేర్ అస్ అపార్ట్’ సింగిల్ 13వ స్థానం దాకా వెళ్లింది. దాని కవర్ చూస్తే సమాధి రాయి అనుకుంటారు. నిజానికి లోహపు రేకు. అక్షరాలు చెక్కి, యాసిడ్‌తో కొరికించి, పాతబడిన రాయిలా కనిపించేలా చేశారు. పెద్ద సైజు రికార్డు మీద మళ్లీ స్టాలియెనో శ్మశానమే.. తల వాల్చి పడి ఉన్న దేవదూత శిల్పం.

అప్పటి నుంచి ప్రతి కవరూ సాక్ష్యం అయిపోయింది. నక్షత్రం చచ్చిపోయింది కాబట్టి.. సమాధి కాబట్టి.. తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే మాత్రం జోస్యం ఏమీ కనిపించదు. లైబ్రరీ పుస్తకంలో ఒకరికి నచ్చిన గ్రాఫ్, మ్యాగజైన్‌లో ఇంకొకరికి నచ్చిన ఫొటో. ఆ సంగీతానికి సరిపోయాయి కాబట్టి ఎంచుకున్నారు. ఆ సంగీతం మాత్రం నిజంగానే ఒక మనిషి లోపలి నుంచి వచ్చింది. అంతవరకే లింక్.

మొహం లేని సింగర్

ఒకరు వెళ్లిపోతే ఆ పేరు వాడకూడదని బ్యాండ్ ముందే అనుకుంది. మిగతా ముగ్గురూ న్యూ ఆర్డర్ అనే పేరుతో మళ్లీ మొదలుపెట్టి డ్యాన్స్ మ్యూజిక్‌లో పెద్ద పేరు తెచ్చుకున్నారు. డెబోరా 1995లో పుస్తకం రాశారు. దాని ఆధారంగా 2007లో ‘కంట్రోల్’ సినిమా వచ్చింది. డైరెక్టర్ ఆంటన్ కార్బైన్. 1979లో లండన్ వచ్చి ఒక మెట్రో స్టేషన్‌లో ఈ బ్యాండ్ ఫొటో తీసిన ఫొటోగ్రాఫర్ అతనే. సినిమా మొత్తం బ్లాక్ అండ్ వైట్.

ఇక ఆ పల్సార్ గీతలైతే బ్యాండ్‌ను దాటి వెళ్లిపోయాయి. 2012లో డిస్నీ ఏకంగా ఆ గీతల్ని మిక్కీ మౌస్ ఆకారంలో ప్రింట్ చేసి టీషర్ట్ అమ్మింది. గోల కావడంతో వెనక్కి తీసుకుంది. పాట ఒక్కటి కూడా వినకుండా ఆ టీషర్ట్ వేసుకునేవాళ్లను చూసి ఫ్యాన్స్‌కు మండుతుంటుంది. కోప్పడి లాభం లేదు. ముందువైపు పేరు వేయొద్దని నిర్ణయించింది వాళ్ల బ్యాండే కదా.

కర్టిస్ అస్థికలు ఉన్నది మాకిల్స్‌ఫీల్డ్ శ్మశానంలో. పెద్ద కట్టడం ఏమీ లేదు. దారి పక్కన నేలమట్టంగా ఒక చిన్న రాయి, దాని మీద పేరు, తేదీ, ‘లవ్ విల్ టేర్ అస్ అపార్ట్’ అనే పాట పేరు. 2008లో ఆ రాయిని ఎవరో ఎత్తుకెళ్లారు. మళ్లీ కొత్తది పెట్టారు.

బతికున్నప్పుడు ఆల్బమ్ కవర్ల మీద మొహం వేయించుకోని కర్టిస్ బొమ్మను 2020లో మాంచెస్టర్ నడిబొడ్డున ఒక బిల్డింగ్ గోడ మీద ఇంతెత్తున వేశారు. మానసిక ఆరోగ్యం మీద అవగాహన కోసం ఆక్సే అనే స్ట్రీట్ ఆర్టిస్ట్ వేసిన బొమ్మ అది. 2022 ఆగస్టులో రాత్రికి రాత్రి అది మాయమైంది. దాని మీద రంగు కొట్టి ఒక ప్రకటన వేశారు. మాంచెస్టర్ రాపర్ ఏచ్ కొత్త ఆల్బమ్ ప్రకటన! ఊరు ఊరంతా భగ్గుమంది. గోడ ఎంపిక తనకు తెలియదని, సరిచేయిస్తానని ఏచ్ చెప్పాడు. కొన్ని వారాల తర్వాత అదే ఆర్టిస్ట్ అదే నగరంలో ఇంకో గోడ మీద కర్టిస్ మొహాన్ని మళ్లీ గీశాడు.